సాయంత్రం అయిదు గంటల కూలీ

ప్రియమైన కోడిపుంజుకు,

ప్రభువు నామమున వందనాలు. నీ ఉత్తరం వచ్చిన తరువాత ఇంతకాలం జవాబు రాయనందుకు నన్ను తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, కాని ఈ కాగితాల మందం చూసిన తరువాత ఆ తిట్లలో సగమైనా వెనక్కి తీసుకుంటావని నా నమ్మకం. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావేమో. ఫోనులో అయితే నువ్వు డ్యూటీ మధ్యలో ఉంటావు, లైను తెగిపోతుంది, సగం విన్న మాటతో మీ మావయ్య మీద కోపం తెచ్చుకుని కూర్చుంటావు. అవును, ఈ కథలో మీ మావయ్య ఉన్నారు. అందుకే మొత్తం కాగితం మీద పెడుతున్నాను. కోపం వస్తే రెండోసారి చదువు.

ముందు మామూలు కబుర్లు. మీ అమ్మగారు కులాసాగా ఉన్నారు, నువ్వు పంపిన మోకాళ్ల పట్టీలు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. మా అమ్మాయి నర్సింగు రెండో సంవత్సరం గట్టెక్కింది. ఈ ఏడు పొగాకు ధర ఫరవాలేదన్నారు. మన హాస్టలు వెనక చింతచెట్టును కొట్టేశారు. దాని మీద చెక్కిన పేరు సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు కనుక ఆ రహస్యం ఇక క్షేమం. కబుర్లు అయిపోయినాయి.

చర్చి వెనక సందులో ఉండే తాపీమేస్త్రీ నీకు గుర్తుండాలి. మనం సండేస్కూలు పిల్లలను వరుసగా నడిపించుకుంటూ వెళ్తుంటే అరుగు మీద కూర్చుని ‘గొర్రెల మంద కదిలిందిరోయ్’ అని కేకలు వేసేవాడు; నువ్వు ఒకసారి తిరిగి కూత కూయబోతే నేనే నోరు మూశాను. ఆయన భార్య ఎన్నో ఏళ్లుగా స్త్రీల సమాజంలో ఉన్నది, ఆయన మాత్రం క్రిస్మసు నాడు కేకు తినడానికి తప్ప గుమ్మం తొక్కి ఎరుగడు. ఆ మేస్త్రీ ఈ వేసవిలో ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఒక రోజు పాస్టరయ్యగారిని పిలుచుకుని రమ్మని భార్యను తానే పంపాడు. అయ్యగారు తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

అయ్యగారు అక్కడ మత్తయి సువార్త 20వ అధ్యాయం చదివారు. నీకు కంఠతా వచ్చిన కథే. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే బయలుదేరి, దినానికి ఒక దేనారము కూలి అని మాట్లాడుకుని కొందరిని తోటలోకి పంపుతాడు. తొమ్మిది గంటలకు, పన్నెండుకు, మూడింటికి మళ్లీ మళ్లీ సంతవీధికి వచ్చి ఇంకొందరిని పంపుతాడు. చివరకు సాయంత్రం అయిదింటికి కూడా వచ్చి, అక్కడ ఇంకా నిలబడి ఉన్నవాళ్లను చూసి ఎందుకు ఊరక నిలిచి ఉన్నారని అడుగుతాడు. ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదని వాళ్లు చెబుతారు. అయ్యగారు అక్కడిదాకా చదివేసరికి మేస్త్రీ చెయ్యి ఎత్తి ఆపాడు.

‘అయ్యగారూ, ఒక్క మాట. అయిదింటిదాకా అడ్డా మీద ఉన్నవాణ్ణి సోమరి అనుకోకండి. సోమరి అయితే పదింటికే టీ తాగి ఇంటికి పోతాడు. అప్పటిదాకా నిలబడ్డాడంటే ఉత్త చేతులతో ఇంటికి పోలేకనే.’

నేను బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, అయ్యగారు వేదాంత కళాశాలలో చదివినవారు. మా ఇద్దరికీ ఆ మాట ఎన్నడూ తోచలేదు. మేస్త్రీ దగ్గుకుంటూనే చెప్పుకుపోయాడు. పొద్దున ఆరింటికి బస్టాండు సెంటరులో కూలీలు గుమిగూడినప్పుడు తాను బండి దిగకుండానే వాళ్లను ఎలా ఏరేవాడో చెప్పాడు: ముందు ముంజేతులు చూసేవాడట, తరువాత పాదాలు, తల నెరిసినవాణ్ణి దాటేసేవాడట, చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషి వైపు చూడకుండా ముఖం తిప్పుకునేవాడట. ‘ఎవరిని పనిలో పెట్టుకున్నానో గుర్తు లేదు మాస్టారూ, వదిలేసినవాళ్ల మొహాలు మాత్రం ఇప్పుడు కనపడుతున్నాయి’ అన్నాడు. అయ్యగారు వేలు పుస్తకంలోనే పెట్టుకుని మూసి పట్టుకున్నారు.

తరువాత మేస్త్రీ ఇంకొక తిరకాసు తీశాడు. ఈ యజమానికి గృహనిర్వాహకుడు ఉన్నాడు కదా, సాయంత్రం కూలి పంచినవాడు అతడే కదా, మరి అడ్డాకు అతణ్ణి పంపకుండా యజమాని స్వయంగా అన్నిసార్లు ఎండలో ఎందుకు తిరిగాడు? పైగా అయిదింటికి మనిషిని పెట్టుకునే మేస్త్రీని తాను పుట్టి ఎరగడట. తట్టా పారా అందుకునే లోపలే చీకటి పడుతుంది. ‘ఆయన పని మీద వచ్చినట్టు లేదు, ఇంకా ఎవరన్నా మిగిలిపోయారేమోనని చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు’ అని, కాసేపు కళ్లు మూసుకున్నాడు. మనం చిన్నప్పటి నుండి విన్న ప్రసంగాల్లో ఈ అయిదు పిలుపులకు ఎన్ని అర్థాలు చెప్పలేదు! ఓరిజెన్ వంటి పూర్వ వ్యాఖ్యాతలు వాటిని బాల్యం మొదలు వార్ధక్యం దాకా మనిషి వయసులుగానూ, ఆదాము మొదలుకొని యుగాలుగానూ చూశారు. ఆ అర్థాలు తప్పని నేను అనను గాని, అడ్డా మీద నిలబడినవాడి కాళ్ల నొప్పి వాటిలో ఎక్కడా కనపడదు.

అసలు దెబ్బ చివర కొట్టాడు. కడపటివాళ్లు మొదలుకొని అందరికీ ఒక్కొక్క దేనారము కూలి పంచే ఘట్టం చదివిన తరువాత మేస్త్రీ నవ్వాడు. ‘ఈయనకు కూలి పంచడం రాదండీ. నేనైతే పొద్దున వచ్చినవాళ్లకు ముందిచ్చి పంపేస్తాను. వాళ్లు మలుపు తిరిగాక, గంట చేసినవాడికి రోజుకూలి ఇచ్చినా అడిగేవాడుండడు. కడపటివాళ్లతో మొదలుపెట్టి, పొద్దుటివాళ్లను నిలబెట్టి చూపించాడు. కావాలని చేశాడు.’

కావాలని చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వరుసను తిరగవేయమని నిర్వాహకునికి యజమానే ఆజ్ఞ ఇచ్చాడు; అంటే పొద్దుటివాళ్లు ఆ దృశ్యం చూసి తీరాలని ఆయన ఉద్దేశం. నువ్వు బైబిలు తీసి ఒక్క పేజీ వెనక్కి వెళ్లు. ధనవంతుడైన యువకుడు దుఃఖపడుతూ వెళ్లిపోయిన వెంటనే, మేము సమస్తమూ విడిచిపెట్టి వచ్చాము గదా, మాకేమి దొరుకుతుందని అడిగినది పేతురు. ఈ ఉపమానం ఆ ప్రశ్నకు జవాబులోనే వస్తుంది. ఒక్క పేజీ ముందుకు వెళ్తే జెబెదయి కుమారుల తల్లి తన కొడుకులకు కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి పీటలు అడుగుతూ కనిపిస్తుంది. నాలుగు సువార్తల్లో మత్తయి ఒక్కడే చెప్పిన ఈ కథ సరిగ్గా ఆ రెండు బేరాల నడుమ కూర్చుని ఉన్నది. ఆఖరి గడియలో మారుమనస్సు పొందినవాళ్లను ఊరడించే కథగా, సిలువ మీది దొంగతో జత చేసి మనం దీన్ని చెప్పుకుంటాము. చెప్పినది మాత్రం మొదటి గంట నుండి తోటలో ఉన్న పేతురు చెవిలో. నువ్వు ఆ నాటకంలో కోడిపుంజు వేషం వేసి, పేతురు మూడోసారి బొంకకముందే కూసి పరువు తీశావు; ఈసారి సరైన సమయానికి కూయవలసిన అవసరం పడింది, అందుకే రాస్తున్నాను.

మేస్త్రీ బాప్తిస్మం గురించి కూడా చెప్పాలి. కొడుకులు ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకువచ్చి, కుర్చీతో సహా తొట్టిలోకి దించారు. అయ్యగారు ముంచి లేపిన తరువాత ఆయన మొహం తుడుచుకుని, తొట్టి అంచు మీద వేళ్లతో తడిమి, ‘ఈ గచ్చు వేసినవాడెవడు, సగం సిమెంటు మింగాడు’ అన్నాడు. సంఘమంతా ఘొల్లుమన్నది. మీ మావయ్య నవ్వలేదు. ఆ తొట్టి కట్టించిన ఏడు కోశాధికారి ఆయనే. ఇది సరదాకి రాశాను, దీనికీ తరువాత జరిగినదానికీ సంబంధం ఉన్నదని నేను అనుకోను. ఉన్నదేమో కూడా.

మేస్త్రీ ప్రభువు బల్లలో ఒకే ఒక్కసారి పాలుపొందాడు. ఆ తరువాతి వారంలోనే పోయాడు. శవాన్ని ఐసు పెట్టెలో ఉంచి, భూస్థాపన ఎక్కడ అన్న మాట వచ్చేసరికి రాత్రికి రాత్రి సంఘ పెద్దల కూటం పెట్టవలసి వచ్చింది. మన సమాధుల తోటలో తూర్పు గోడ వైపు నాలుగైదు గోతులకు మాత్రమే చోటు మిగిలి ఉన్నదని నీకు తెలుసు. అయిదేళ్లు ఎడతెగక చందా కట్టిన సభ్యులకే ఆ చోటు అని సంఘ నియమం రాసి ఉన్నది. మీ మావయ్య ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

ఆయన అన్నమాటలు నేను పెంచకుండా, తుంచకుండా రాస్తాను. ‘ఆ గోడకు రాళ్లు మోసినవాణ్ణి నేను. లారీ లోపలికి రాలేక రోడ్డు మీదే పోసిపోతే, వైశాఖమాసపు ఎండలో మేము కొంతమందిమి భుజాన మోశాము. మా ఆవిడ అక్కడ ఉన్నది. నలభై ఏళ్లు ఒక్క నెల చందా తప్పలేదు. జీవితమంతా మనల్ని గేలి చేసినవాడు చివరి నెలలో నీళ్లలో మునిగి వచ్చి ఆమె పక్క వరుసలో పడుకుంటే, మేము మోసిన రాళ్లకు విలువేమిటి?’ ఈ మాటలో అబద్ధం ఏమున్నది చెప్పు? ఆ రాళ్లు మోసేటప్పుడు పడిన మచ్చ ఆయన కుడి భుజం మీద ఇప్పటికీ ఉన్నది, చిన్నప్పుడు మనకు చూపించేవారు కూడా. పగలంతయు కష్టపడి యెండబాధ సహించిన మాతో వారిని సమానము చేసితివే అని ఆ కూలీలు సణిగినది కూడా నిజమే. వాళ్లు పడిన ఎండను యజమాని కాదనలేదు. కథలో ఆయన స్నేహితుడా అని పిలిచినది కూడా ఆ సణిగినవానినే. మనవాళ్లు ఆ కూలీని ప్రసంగాల్లో దుర్మార్గుణ్ణి చేసేస్తారు. నాకు అది నచ్చదు.

అయితే ఆ ఫిర్యాదులో ఒక విచిత్రం గమనించావా? కూలి తగ్గిందని వాళ్లు అనలేదు. మాట్లాడుకున్న దేనారము చేతిలోనే ఉన్నది. వాళ్ల కడుపుమంట అంతా సమానము చేశావన్న ఒక్కదాని మీదనే. మీ మావయ్యకు కూడా ఏమీ తగ్గలేదు, మీ అత్తయ్య పక్కన ఆయన చోటు ఆయనకు ఉన్నది, దానిని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎక్కడ నొప్పి? మేస్త్రీ మన పేట మనిషి కాడు. కూటంలో ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, చందా అన్నారు, నియమం అన్నారు, క్రమశిక్షణ అన్నారు. పైకి అనని ఆ మాట మాత్రం గదిలో అందరి నడుమా కుర్చీ వేసుకుని కూర్చున్నది. మన ప్రాంతంలో సమాధుల తోటలకు ఎన్ని గోడలు ఎందుకు లేచాయో నీకు నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు స్త్రీల సమాజం పెద్దమ్మగారు లేచారు, మనకు వాక్యం తప్పు చెబితే చెవి మెలిపెట్టిన ఆవిడే. ‘మనలో ఎవరి తాత తెల్లవారుజామున వచ్చాడు నాయనా?’ అని అడిగారు. అంతే, తరువాత ఆవిడ ధాత కరువు ఎత్తుకున్నారు. 1876 నుండి 1878 వరకు జనం మలమల మాడిపోతున్నప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు మట్టిపని ఇచ్చి కూలి ఇచ్చారు. తిండి కోసం మతంలో కలిశారన్న అపవాదు రాకూడదని కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు. అయినా గంజి కోసం వచ్చినవాళ్లన్న మాట మన ముత్తాతలకు తప్పలేదు. అంతకు ముందు 1860ల్లోనే, తక్కువ కులాలవాళ్లను చేర్చుకుంటే మేము రాబోమని పై కులాలవారు చెప్పినప్పుడు దొరగారు, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే, లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటే, వచ్చిందని మనం సండేస్కూలులో విన్నాము. ‘ఆనాడు అయిదింటి కూలీలం మనమే. ఇప్పుడు పొద్దుటివాళ్లమైపోయామా?’ అని ఆవిడ కూర్చున్నారు.

అయ్యగారు చేతులెత్తమన్నారు. కొద్దిపాటి తేడాతో చోటు ఇవ్వాలని తేలింది. మరునాడు భూస్థాపన జరిగింది. మీ మావయ్య వచ్చారు, కాని గేటు దగ్గరే గొడుగు వేసుకుని నిలబడ్డారు, పిడికెడు మట్టి వెయ్యలేదు, చివరి ప్రార్థన కాకముందే వెళ్లిపోయారు. అప్పటి నుండి ఆరాధనకు రావడం లేదు. నేను ఇంటికి వెళ్తే మంచినీళ్లు ఇచ్చి, వానల గురించి మాట్లాడి పంపేశారు.

నాకు తోచినది నీకు రాస్తే కాని మనసు కుదుటపడదు. దేనారము అంటే ఆ కాలంలో ఒక కూలివాని ఇంటిల్లిపాదీ ఒక రోజు తినే తిండి. గంట పనికి గంట కూలే ఇస్తే అయిదింటివాని పిల్లలు ఆ రాత్రి పస్తుంటారు. వాళ్లతో యజమాని కూలి మాట కూడా ఎత్తలేదు, వాళ్లు బేరమాడకుండానే వెళ్లారు. అందరికీ ఒకటే ఇచ్చాడంటే పనిని కొలవడం చేతకాక కాదని నా అభిప్రాయం. ఆయన కొలిచినది ఇంటి దగ్గర ఎదురుచూసే ఆకలిని. క్షమాపణ కూడా అటువంటిదే అయి ఉండాలి, సగం క్షమాపణతో ఎవడి బతుకూ గడవదు. అరవై ఏళ్లు విశ్వాసిగా ఉన్నవానికి ఒకటిన్నర పరలోకం, నెల రోజులవానికి ముక్క పరలోకం అని పంచితే అది... ఈ మాట పూర్తిచేయడం నాకు చేతకావడం లేదు, నువ్వే పూర్తిచేసుకో.

దీనిని పట్టుకుని, నా సొమ్ము నా ఇష్టం అని కూలీల పొట్ట కొట్టే ఆసాములు కూడా ఉంటారు. ఈ యజమాని ఎవరికీ మాట్లాడుకున్నదానికన్నా తక్కువ ఇవ్వలేదు, పొద్దుగూకకముందే కూలి చేతిలో పెట్టాలన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞను జవదాటలేదు. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో రాసినదాన్ని ఇలాంటి ఆసాములకు ఈ కథతో కలిపి చదివి వినిపించాలి. నీ కంపెనీలో మూడు నెలల జీతం ఆపినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నేను ఇంకా దాచి ఉంచాను.

నీకు చరిత్ర పిచ్చి కనుక ఇంకొక సంగతి. ఈ ఉపమానంలోని మాటనే పేరుగా పెట్టుకుని ఆంగ్ల రచయిత రస్కిన్ రాసిన ‘అంటు దిస్ లాస్ట్’ (ఈ కడపటివానికి కూడా) అన్న పుస్తకాన్ని 1904లో మిత్రుడు పోలక్ ఇస్తే, జొహానెస్‌బర్గు నుండి డర్బను వెళ్లే రైలులో గాంధీ చదివారు. ఆ వెంటనే డర్బను దగ్గర ఫీనిక్సులో తోట పెట్టి, రంగూ దేశమూ చూడకుండా మనిషికి నెలకు మూడు పౌన్ల చొప్పున అందరికీ ఒకటే ఇచ్చే ఏర్పాటు చేశారు. 1908లో గుజరాతీలో ఆ పుస్తకసారాన్ని సర్వోదయ అన్న పేరుతో రాశారు. ఆ సర్వోదయపు దారి పట్టిన వినోబా 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో, 80 ఎకరాలు అడిగిన హరిజనుల కోసం వెదిరె రామచంద్రారెడ్డి చేతి నుండి 100 ఎకరాలు అందుకున్నారు. అడిగినదానికన్నా ఇరవై ఎక్కువ! గలిలయ నుండి పోచంపల్లి దాకా వచ్చిన కథ మన సమాధుల తోట గేటు దగ్గర ఆగిపోతే ఎలా?

ఇక నేను అడగదలచుకున్నది. కథలో యజమాని చివరి మాట ఒక ప్రశ్న: నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా? ఆ కూలీ ఏమన్నాడో, దేనారము తీసుకుని వెళ్లాడో, అక్కడే నిలబడ్డాడో మత్తయి రాయలేదు. మీ మావయ్య ఇప్పుడు అక్కడే ఉన్నారు. నేను చెబితే పాఠం చెప్పినట్టు ఉంటుంది, అయ్యగారు చెబితే ఓడించి మళ్లీ ప్రసంగించినట్టు ఉంటుంది. నువ్వు మేనల్లుడివి, నిన్ను భుజాల మీద మోసినాయన. శుక్రవారం మీ ఆరాధన అయిన తరువాత తీరికగా ఒక్కసారి ఫోను చెయ్యి. మేస్త్రీ పేరు ఎత్తకు. ముందు ఆ రాళ్ల సంగతి అడుగు, లారీ సంగతి అడుగు, ఆయన చెప్పినంతసేపు విను. ఆ ఎండ గురించి ఈ మధ్య ఎవరూ ఆయనను అడగలేదు. తరువాత ఏమి చెప్పాలో నీకే తోస్తుంది, తోచకపోతే ఊరక ప్రార్థన చేసి పెట్టెయ్యి.

వచ్చే నెల సంఘ సమావేశంలో అయిదేళ్ల చందా నియమం ఎత్తివేయాలన్న ప్రతిపాదన వస్తున్నది. ఎత్తివేస్తే చోటు ఎక్కడ అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పక్క పొలం కొనడానికి సెంటు ధర ఎంత చెబుతున్నారో విన్నావంటే... ఆ లెక్క ఇంకొక ఉత్తరంలో రాస్తాను. మన తూర్పువీధి కుర్రవాడు ఈ రాత్రి బండికి కువైట్ ప్రయాణమై గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు, మీ అమ్మగారు ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా కూడా వీడి చేతికే ఇస్తున్నాను, మూత గట్టిగా ఉన్నదో లేదో చూసుకో.

నీ
రెండో బెంచీ మాస్టారు